మెరిట్‌కి కొత్త వేషం: ‘ఉద్వేగ ప్రజ్ఞ’పై దళిత విమర్శ

మెరిట్ లేదన్నారు. మార్కులు తెచ్చుకుని చూపించాం. మార్కులుంటే చాలదు, ‘యాటిట్యూడ్’ ఉండాలంటున్నారు. దళితుల ముందు పెట్టే కొలబద్ద ఎప్పుడూ ఒక్కటి కాదు. మనోళ్ళు ఒకదాన్ని అందుకునే సరికి ఇంకోటి తయారవుతుంది. 1990లో మండల్ వ్యతిరేక ఆందోళన పేరుతో రోడ్లు ఊడ్చి, బూట్లు పాలిష్ చేసి ‘ప్రతిభ చచ్చిపోతోంది’ అని గోల చేసిన వర్గాలకు ఇప్పుడు అందివచ్చిన మాట ఉద్వేగ ప్రజ్ఞ. ఇంగ్లీషులో ఎమోషనల్ ఇంటెలిజెన్స్. ముద్దుగా ఈక్యూ.

ఇదేదో ఎంబీయే వాళ్ళ గొడవ, మనకెందుకు అనుకోవడానికి లేదు. బీఎడ్ చదివే ప్రతి విద్యార్థీ మనోవిజ్ఞాన శాస్త్రంలో ఈ పాఠం చదవాల్సిందే. 2013లో యూపీఎస్సీ సివిల్స్ మెయిన్స్‌లో నైతిక విలువల పేపరు ప్రవేశపెట్టినప్పుడు పాలనలో ఉద్వేగ ప్రజ్ఞ వినియోగం అనేది సిలబస్‌లో చేరింది. అప్పు చేసి హైదరాబాద్ వచ్చి, అశోక్‌నగర్‌లో నలుగురితో ఒక గదిలో సర్దుకుని చదివే మాల మాదిగ పిల్లలు ఈ నిర్వచనాన్ని బట్టీ పట్టాలి. రేపు ఉద్యోగం వచ్చాక అదే నిర్వచనంతో వాళ్ళని కొలుస్తారు. ఉద్వేగ ప్రజ్ఞ ఎక్కువున్న ఉద్యోగి బాగా పనిచేస్తాడన్న సూత్రం ఎంతవరకు నిజం? ఆ ప్రజ్ఞని ఎవరు కొలుస్తున్నారు? పనిచేయడం అంటే అసలు ఏమిటి? ఈ మూడు ప్రశ్నలూ దళిత విమర్శ వేయాల్సిన ప్రశ్నలే.

ఈ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది?

1990లో అమెరికాలో పీటర్ సాలవే, జాన్ మేయర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ భావనకు శాస్త్ర రూపం ఇచ్చారు. తన ఉద్వేగాల్నీ ఎదుటివాళ్ళ ఉద్వేగాల్నీ గమనించడం, వాటి మధ్య తేడా తెలుసుకోవడం, తెలిసినదాన్ని ఆలోచనకీ ఆచరణకీ వాడుకోవడం - స్థూలంగా ఇదీ వాళ్ళ నిర్వచనం. ఇందులో మనకి తగాదా పెట్టుకోవాల్సిందేమీ లేదు. 1995లో డేనియల్ గోల్‌మన్ అనే పత్రికా రచయిత దీన్ని జనరంజకమైన పుస్తకంగా రాశాడు. 1998లో ఉద్యోగ రంగం మీద రెండో పుస్తకం రాశాడు. ఉద్యోగంలో రాణించడానికి కావలసిన లక్షణాల్లో మూడింట రెండు వంతులు ఉద్వేగాలకు సంబంధించినవేనని అందులో వాదించాడు. అక్కడి నుంచి ఇది శాస్త్రం దాటి సరుకైంది. శిక్షణ శిబిరాలు, పరీక్షలు, కన్సల్టెంట్లు, సర్టిఫికెట్లు వరసగా వచ్చిపడ్డాయి.

ఇక్కడ జరిగిన ఒక మాయను గమనించాలి. జీవితంలో విజయానికి ఐక్యూ తోడ్పాటు మహా అయితే 20 శాతమని, తక్కిన 80 శాతం ఇతర కారణాల వల్లనని గోల్‌మన్ తొలి పుస్తకంలో ఉంది. ఆ ఇతర కారణాల్లో సామాజిక వర్గం నుంచి అదృష్టం దాకా ఉన్నాయని కూడా ఆ పుస్తకంలోనే ఉంది. కానీ బజారుకొచ్చేసరికి ఆ 80 శాతం మొత్తాన్నీ ఈక్యూ ఖాతాలో రాసేశారు. పుట్టిన వర్గం మాయమైపోయింది. మనిషి ఎక్కడ పుట్టాడు, వాళ్ళ నాన్నకి ఎంత భూమి ఉంది, వాళ్ళమ్మ ఎవరి ఇంట్లో పాచిపని చేసింది - ఇవన్నీ పోయి ఆ స్థానంలో ‘నీ భావాల్ని నువ్వు అదుపులో పెట్టుకున్నావా?’ అన్న ప్రశ్న వచ్చి కూచుంది. అమెరికాలో వర్గం మాయమైన చోటే మన దేశంలో కులం మాయమవుతుంది.

పరిశోధన ఏం తేల్చింది?

ఉద్వేగ ప్రజ్ఞకీ ఉద్యోగి పనితీరుకీ ఉన్న సంబంధం మీద వందల అధ్యయనాలు జరిగాయి. వాటిని ఒకచోట చేర్చి లెక్కగట్టిన పరిశోధనలు కూడా వచ్చాయి. 2010లో డానా జోసెఫ్, డేనియల్ న్యూమన్ చేసిన అటువంటి పరిశోధన చెప్పిందేమిటంటే - భావాల్ని ప్రదర్శించడమే పనిలో భాగమైన ఉద్యోగాల్లో, అంటే కస్టమర్లతోటీ రోగులతోటీ ప్రయాణికులతోటీ మెలిగే పనుల్లో, ఉద్వేగ ప్రజ్ఞ పనితీరుకి తోడ్పడుతుంది. అలాంటి అవసరం తక్కువున్న ఉద్యోగాల్లో తోడ్పడకపోగా ఫలితం వ్యతిరేక దిశలో తేలింది. కాబట్టి ‘ఏ ఉద్యోగానికైనా ఈక్యూయే ప్రాణం’ అన్న ప్రచారానికి ఆధారం లేదు.

అదే పరిశోధకులు మరికొందరితో కలిసి 2015లో ఇంకో సంగతి తేల్చారు. కంపెనీలు ఎక్కువగా వాడేది ‘నీ గురించి నువ్వే చెప్పుకో’ అనే ప్రశ్నావళుల్ని. వీటిలో మంచి మార్కులొచ్చిన వాళ్ళు పని కూడా బాగా చేస్తున్నట్టు కనబడుతుంది. కానీ అందులో కలిసిపోయిన ఇతర లక్షణాల్ని - బాధ్యతగా పనిచేసే గుణం, నలుగురిలో చొరవ, తెలివితేటలు, మానసిక స్థిమితం, తన మీద తనకున్న నమ్మకం వంటివాటిని - విడదీసి చూస్తే ఈక్యూ అదనంగా చేస్తున్నది దాదాపు సున్నా. అంటే పాత లక్షణాల్నే మూటగట్టి కొత్త పేరుతో అమ్ముతున్నారన్న మాట.

ఆ మూటలో ఏముందో మనం ఇంకొంచెం విప్పి చూడాలి. నలుగురిలో చొరవ, తన మీద తనకు నమ్మకం - ఇవి ఆకాశం నుంచి ఊడిపడవు. మూడు తరాలుగా ఇంగ్లీషు పేపరు చదివే ఇంట్లో పుట్టిన పిల్లవాడికి కలెక్టరాఫీసు మెట్లెక్కడం అంటే మేనమామ ఇంటికి పోవడంలాంటిది. ఎమ్మార్వో ముందు తండ్రి చేతులు కట్టుకుని నిలబడటం చూస్తూ పెరిగిన పిల్లవాడు అదే గదిలోకి అంతే చొరవగా పోవాలంటే ఎంత పోరాడాలి? ఈ తేడాని కొలిచి ఒకడికి ప్రజ్ఞ ఉందనీ ఇంకొకడికి లేదనీ రాయడం ఏ శాస్త్రం? సామాజిక పెట్టుబడిని వ్యక్తి గుణంగా చూపించడం మెరిట్ వాదం ఎప్పుడూ చేసే పనే.

సరైన జవాబు ఎవరిది?

సొంత డబ్బా కాకుండా నిజంగా సామర్థ్యాన్నే కొలుస్తామని సాలవే, మేయర్, కరూసో ఒక పరీక్ష తయారు చేశారు. ఒక ముఖం ఫోటో చూపించి అందులో ఏ ఉద్వేగం ఎంత ఉందో చెప్పమంటారు. ఒక సందర్భం ఇచ్చి, ఏం చేస్తే మేలని అడుగుతారు. లెక్కల పరీక్షలో రెండూ రెండూ నాలుగు. మరి కోపానికి సరైన జవాబు ఏమిటి? ఈ పరీక్షలో దానికి రెండు దారులు పెట్టారు. ఒకటి, పరీక్ష రాసిన దాదాపు 5,000 మంది నమూనాలో ఎక్కువమంది చెప్పిన జవాబే మెరుగైన జవాబు. రెండోది, 21 మంది నిపుణులు ఎక్కువగా ఒప్పుకున్న జవాబు.

దీన్ని మన ఊళ్ళోకి తీసుకొచ్చి చూడండి. దొర తిట్టినప్పుడు మాదిగ యువకుడు తిరిగి జవాబు చెప్పాడు. ఇది తగిన ప్రవర్తనేనా అని ఊరందర్నీ అడిగితే ఎక్కువమంది ఏం చెప్తారు? ‘పొగరు’ అంటారు. ‘బాంచెన్ దొరా’ అని తలొంచుకున్నవాణ్ణి ‘బుద్ధిమంతుడు’ అంటారు. ఊరి లెక్క ప్రకారం రెండోవాడిదే ఉద్వేగ ప్రజ్ఞ. వెలివాడ జవాబు ఎప్పుడూ మైనారిటీ జవాబే. అందువల్ల అది ఎప్పుడూ తక్కువ మార్కుల జవాబే. మెజారిటీ ఆమోదం సత్యానికి కొలమానమైతే, అంటరానితనం కూడా ఒకప్పుడు ఉద్వేగపరంగా చాలా ‘ప్రజ్ఞావంతమైన’ ఆచారమే కదా. పరీక్ష తయారు చేసినవాళ్ళకి దురుద్దేశం ఉందని మనం అనడం లేదు. అసమానతే అలవాటుగా ఉన్న సమాజంలో ‘అందరూ అనుకునేది’ అన్న కొలబద్ద ఎవరి పక్షాన మొగ్గుతుందో చెబుతున్నాం.

మనసు వెట్టి

నవ్వడం కూడా పనే అని 1983లోనే చెప్పిన సమాజ శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్. ఆమె అమెరికాలో విమాన పరిచారికల్ని దగ్గరగా పరిశీలించింది. ప్రయాణికుడు ఎంత అవమానించినా చిరునవ్వు చెదరకూడదని వాళ్ళకి శిక్షణ ఇస్తారు. ఆ నవ్వు కంపెనీ అమ్ముకునే సరుకు. లోపల ఉన్న భావం ఒకటి, ముఖం మీద పెట్టాల్సిన భావం ఇంకొకటి. ఈ శ్రమకి ఆమె పెట్టిన పేరుని మన భాషలో ‘మనసు వెట్టి’ అనుకుంటే బాగా అర్థమవుతుంది. వెట్టిచాకిరి అంటే ఏమిటో తెలంగాణకి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు.

అయితే హాక్‌షీల్డ్ చూసిన పరిచారిక డ్యూటీ దిగాక ముఖం మీది నవ్వు తీసేయగలదు. దళిత ఉద్యోగికి ఆ వెసులుబాటు లేదు. ఆఫీసులో టిఫిన్ డబ్బా విప్పితే పక్కవాళ్ళు కుర్చీలు జరుపుకుంటారు. ‘మీకేం బాబూ, రిజర్వేషనుంది’ అన్న మాట నవ్వుతూనే అంటారు. ఇంటి పేరు అడుగుతారు, ఏ ఊరని అడుగుతారు, ఊళ్ళో ఏ వైపు అని అడుగుతారు. దీన్నంతా విననట్టు ఉంటే ‘మంచోడు, కలుపుగోలుగా ఉంటాడు.’ ఒక్కసారి జవాబు చెప్తే ‘టచ్చీ, ప్రతిదానికీ కులం తెస్తాడు.’ ఒకే గదిలో ఒకే పనిచేసే ఇద్దరిలో ఒకడు తన పని మాత్రమే చేస్తున్నాడు. ఇంకొకడు తన పనితో పాటు ఎదుటివాడి కులాహంకారాన్ని మోసే పని కూడా చేస్తున్నాడు. ఈ రెండో పనికి జీతం లేదు. పైపెచ్చు అది సరిగ్గా మోయకపోతే శిక్ష ఉంది.

1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరిన అంబేద్కర్ అనుభవాన్ని ఈ వెలుగులో మళ్ళీ చదవాలి. కొలంబియాలో చదివి వచ్చిన మనిషికి బంట్రోతులు ఫైళ్ళు దూరం నుంచి విసిరేశారు. ఆఫీసులో తాగడానికి నీళ్ళు దొరకలేదు. ఉండటానికి ఇల్లు దొరకలేదు. తలదాచుకున్న పార్సీ సత్రం నుంచి కర్రలు పట్టుకొచ్చిన గుంపు వెళ్ళగొట్టింది. ఆయన బరోడా వదిలి వెళ్ళాల్సి వచ్చింది. ఇప్పటి హెచ్చార్ భాషలో ఈ కేసుని రాస్తే ఎలా ఉంటుంది? ‘అర్హతలు అద్భుతం. సహోద్యోగులతో సర్దుకుపోలేకపోయారు.’ అంతే కదా! విసిరేసిన చెయ్యి నివేదికలో ఉండదు. మీద పడ్డ ఫైలు మాత్రమే ఉంటుంది.

పనితీరుని ఎవరు రాస్తున్నారు?

పనితీరు అంటే బస్తాలు తూచినట్టు తూచేది కాదు. ఒక మనిషి ఇంకో మనిషి గురించి రాసే రాత. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లా సూఖీఢాంగ్ బడిలో మధ్యాహ్న భోజనం వండిన దళిత మహిళ సంగతి తెలిసిందే. అగ్రకుల పిల్లలు ఆమె వండిన అన్నం తినడం మానేశారు. అన్నంలో ఉప్పు తక్కువై కాదు, వండిన చెయ్యి వల్ల. నియామకంలో నిబంధనలు పాటించలేదంటూ ఆమెను తీసేశారు. దేశమంతా గొడవయ్యాక తిరిగి తీసుకున్నారు. తిన్న పిల్లల సంఖ్యే ఆమె పనితీరుకి లెక్క అయితే ఆమె ఫెయిలైనట్టే. కస్టమర్ సంతృప్తి, రేటింగులు, నక్షత్రాలు అని చెప్పే కొలతలన్నిటిలోనూ ఈ విషం ఉంది. కొలిచేవాడి కులం కొలతలోకి దిగుతుంది.

ప్రైవేటు రంగంలో ఈ వడపోత గుమ్మం దగ్గరే మొదలవుతుంది. సుఖదేవ్ థోరట్, పాల్ ఎటివెల్ 2007లో ప్రకటించిన అధ్యయనంలో పత్రికా ప్రకటనలు చూసి 548 ఉద్యోగాలకు 4,808 దరఖాస్తులు పంపారు. చదువు ఒకటే, అనుభవం ఒకటే, తేడా పేరులోనే. తర్వాతి దశకి పిలుపు వచ్చే అవకాశాల నిష్పత్తి అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకి మూడింట రెండు వంతులే, ముస్లిం పేరుకి మూడింట ఒక వంతే. ఇక్కడ ఉద్వేగ ప్రజ్ఞ చూపించే సందర్భమే రాలేదు. కాగితం మీద పేరు చూసే ఆపేశారు. అదే సంవత్సరం సురీందర్ జోధ్కా, కాథరిన్ న్యూమన్ పెద్ద కంపెనీల హెచ్చార్ మేనేజర్లతో మాట్లాడితే, మేం కులం చూడం, మెరిటే చూస్తాం అన్నవాళ్ళే ఇంటర్వ్యూలో కుటుంబ నేపథ్యం తప్పక అడుగుతామన్నారు. మంచి కుటుంబం నుంచి వచ్చినవాడికి మంచి నడవడి ఉంటుందట. ‘నడవడి’ అన్న ఆ పాత మాటకే ఈక్యూ అనే సూటూ బూటూ తొడిగారు.

ప్రభుత్వ రంగం సంగతి చూద్దాం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు సాధారణంగా వాడే వార్షిక మదింపు ఫారంలో పనికి 40 శాతం, వ్యక్తిగత లక్షణాలకు 30 శాతం, వృత్తి సామర్థ్యానికి 30 శాతం బరువు ఇచ్చారు. వ్యక్తిగత లక్షణాల కింద ఏమున్నాయి? పని పట్ల వైఖరి, క్రమశిక్షణ, ఇతరులతో సంబంధాలు, మొత్తం మీద మూర్తిమత్వం. వీటికి ఒకటి నుంచి పది దాకా అంకెలు వేస్తారు. మూర్తిమత్వానికి ఆరు వేశారంటే ఆ ఆరు ఎక్కణ్ణుంచి వచ్చింది? రాసేవాడి మనసులోంచి. ఆ మనసు ఏ వీధిలో తయారైంది? ఈ ప్రశ్న ఫారంలో లేదు.

ఈ రాతలు ఒకప్పుడు పూర్తిగా గుట్టు. దేవ్ దత్ కేసులో 2008లో సుప్రీంకోర్టు ఈ గుట్టుని విప్పింది. ప్రమోషన్‌కి ‘చాలా బాగు’ కావాలి, ఆయనకి ఒక సంవత్సరం ‘బాగు’ అని రాశారు. తిట్టు కాదు కాబట్టి చెప్పనక్కరలేదన్నారు. చూడటానికి మెచ్చుకోలే, చేసింది మాత్రం గొంతు కోత. రాసిన ప్రతి రాతనీ ఉద్యోగికి తెలియజేయాల్సిందేనని కోర్టు చెప్పింది. 2009లో కేంద్రం ఆ మేరకు ఉత్తర్వులిచ్చి, అభ్యంతరం చెప్పుకోడానికి 15 రోజుల గడువు పెట్టింది. మనోళ్ళలో ఎంతమంది ఆ 15 రోజుల్ని వాడుకుంటున్నారు? ‘ఎందుకులే, మళ్ళీ ఆయన దగ్గరే పనిచెయ్యాలి’ అని ఊరుకోవడాన్నే కదా ఆఫీసు సర్దుకుపోవడం అని మెచ్చుకునేది.

రాజ్యాంగం 335వ అధికరణం దళిత, ఆదివాసీల నియామకాల దగ్గర ‘పరిపాలనా సామర్థ్యం’ అనే షరతు పెట్టింది. దశాబ్దాలుగా ప్రమోషన్లలో రిజర్వేషన్లకి అడ్డం వేసిన కర్ర ఇదే. 2019లో పవిత్ర కేసు రెండో తీర్పులో సుప్రీంకోర్టు సామర్థ్యానికి అర్థాన్ని మార్చి చూసింది. సమాజంలోని అన్ని వర్గాలకీ చోటున్న పరిపాలనే సమర్థమైన పరిపాలన అన్న దిశగా మాట్లాడింది. పనితీరు అంటే వ్యక్తి సుగుణం మాత్రమే కాదని, సంస్థ ఎవర్ని లోపలికి రానిస్తుందో కూడా అందులో భాగమేనని దీని అర్థం. ఈక్యూ వాదం ఈ అర్థాన్ని మళ్ళీ వెనక్కి లాగుతుంది.

వాడలో ఉన్న ప్రజ్ఞ

దళితులకి ఉద్వేగ ప్రజ్ఞ అక్కర్లేదని మన వాదనా? కాదు. ఆ మాటకొస్తే అది ఎక్కువున్నది మన దగ్గరే. 2010లో మైకేల్ క్రాస్, స్టెఫాన్ కోటె, డాకర్ కెల్ట్‌నర్ అనే పరిశోధకులు ఎదుటివాళ్ళ భావాల్ని గుర్తుపట్టడంలో పై వర్గాలవారి కంటే కింది వర్గాలవారే నయమని తేల్చారు. అది అమెరికాలో వర్గం మీద చేసిన పని, కులం మీద కాదు. అయినా కారణం మనకి తెలియనిది కాదు. కూలికి పోయే తల్లి ఆసామి ముఖం చూసి ఇవాళ కూలి డబ్బులు అడగాలో రేపు అడగాలో తేల్చుకుంటుంది. కనుబొమ్మ కదలికని బట్టి ప్రమాదం పసిగట్టడం ఆమెకి బతుకు విద్య. ఆసామికి ఆమె ముఖం చదవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. మరి ఇంత ప్రజ్ఞ ఉన్న తల్లి బిడ్డకి ఆఫీసులో మార్కులెందుకు రావడం లేదు? ఎందుకంటే అక్కడ కొలుస్తున్నది అర్థం చేసుకోవడాన్ని కాదు, మెప్పించడాన్ని.

కోపం సంగతి కూడా ఇలాగే చూడాలి. సాలవే, మేయర్ల నిర్వచనంలో మూడో భాగం ఉద్వేగాన్ని ఆలోచనకీ ఆచరణకీ వాడుకోవడం. 1985 జూలైలో కారంచేడులో నరమేధం జరిగాక మాదిగలు ఊరొదిలి చీరాల చేరారు. శిబిరం పెట్టారు. ఆ దుఃఖం, ఆ కోపం దళిత మహాసభ అయింది. 1991 ఆగస్టులో చుండూరు హత్యల తర్వాత తమ వాళ్ళ శవాల్ని ఊరి నడిబొడ్డున ఖననం చేసి ఆ నేలకి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. బరోడాలో నీళ్ళు దొరకని మనిషి 1927లో మహద్‌లో వేలమందితో చవదార్ చెరువు నీళ్ళు తాగాడు. కోపాన్ని మింగడమూ కాదు, కక్కేయడమూ కాదు, నిర్మాణంగా మార్చడం ఇది. నిజాయితీగా ఆ నిర్వచనాన్ని వర్తింపజేస్తే దీన్ని మించిన ఉద్వేగ ప్రజ్ఞ ఏముంది? కానీ ఏ శిక్షణ శిబిరంలోనూ ఈ ఉదాహరణ చెప్పరు. వాళ్ళకి కావలసింది కోపం లేని కూలీ.

ఏం చెయ్యాలి?

బీఎడ్ కాలేజీల్లో, యూనివర్సిటీల్లో ఈ పాఠం చెప్పే దళిత బహుజన అధ్యాపకులు దీన్ని కులం లేని పాఠంగా చెప్పడం మానెయ్యాలి. నిర్వచనం పక్కన బరోడాని పెట్టండి, సూఖీఢాంగ్‌ని పెట్టండి. పోటీ పరీక్షలు రాసే విద్యార్థులు మార్కుల కోసం నిర్వచనం రాయక తప్పదు. రాయండి. ఉదాహరణలు మాత్రం మన చరిత్ర నుంచి ఇవ్వండి.

ఎస్సీ ఎస్టీ ఉద్యోగ సంఘాలు రోస్టర్ పాయింట్ల దగ్గర ఎంత పట్టుగా ఉంటాయో మదింపు ఫారాల దగ్గరా అంత పట్టుగా ఉండాలి. ఇతరులతో సంబంధాలు బాగాలేవని అంకె తగ్గిస్తే, ఏ రోజు, ఏ సంఘటన, ఎవరితో అని రాతపూర్వకంగా అడగాలి. 15 రోజుల గడువు దాటనివ్వకుండా అభ్యంతరాలు రాయడంలో కొత్త ఉద్యోగులకు సంఘమే సాయపడాలి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల సంఘాలు తమ నిబంధనల్లోనూ ఈ పారదర్శకత కోసం కొట్లాడాలి. కుల దూషణ మీద ఫిర్యాదు చేసిన ఉద్యోగిని ‘సర్దుకుపోలేని వాడు’ అని ఫారంలో రాయడాన్ని కక్షసాధింపుగా గుర్తించాలని అడగాలి.

అన్నిటికన్నా ముఖ్యంగా, కొలబద్దని తిప్పి పట్టాలి. ఉద్వేగ ప్రజ్ఞ అంత అవసరమైతే ముందుగా అది ఎవరికి కావాలి? అధికారం ఎవరి చేతిలో ఉందో వాళ్ళకి. తన కింద పనిచేసే దళిత ఉద్యోగి అవమానాన్ని గుర్తించగలిగాడా? ఎంతమంది దళితులు తన సెక్షన్ నుంచి బదిలీ అడిగారు, ఎందుకడిగారు? ఊడ్చే మనిషిని పేరుపెట్టి గౌరవంగా పిలుస్తాడా, ఏకవచనంతో కేకేస్తాడా? ఈ ప్రశ్నలకి కింది ఉద్యోగులు జవాబు రాయాలి, ఆ జవాబు పై అధికారి ప్రమోషన్‌లో లెక్కకి రావాలి. అట్లాంటి ఫారం ఒకటి మనమే తయారు చేసి సంఘాల ముందు పెడదాం. దాన్ని వాళ్ళు ఒప్పుకునే దాకా, ఈక్యూ పేరుతో మన మీద వేసే ప్రతి అంకెకీ లెక్క అడుగుతూనే ఉందాం.